పేరు రాయని ఫైలు

మధ్యాహ్నం మూడయ్యేసరికి ఎవెలియోని కుర్చీతో సహా కంప్యూటరు ముందుకు లాగాలి. ఆలస్యమైతే ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి మీద కొడుతూ "మరి? మరి?" అంటాడు. నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దం ముందే కుప్పకూలాడు. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఉన్న మాటలన్నీ పోయి ఎందుకో ఆ ఒక్కటి మిగిలింది. ఆకలేసినా మరి, కోపమొచ్చినా మరి. కిటికీ బయట వాన పడుతున్నా అదే మాట.

ఒకప్పుడు మా ఊరు పాల్మీరా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవెలియో ఎదురుగా నిలబడి పాడాలంటే పాటగాళ్ళు జంకేవారు. ఆశుకవి. జనంలోంచి ఒకరు లేచి చివరి పాదం విసురుతారు. గిటారు ఒక చుట్టు తిరిగొచ్చేలోపు పైన తొమ్మిది పాదాలు అల్లి, ఆ విసిరిన పాదాన్ని పదోదిగా తెచ్చి కూర్చోబెట్టాలి. కూర్చోకపోతే జనం ఊరుకోరు, సీసాలు గలగలలాడిస్తారు. పాడినవాడు పాడినచోటే పద్యాన్ని వదిలేసి పోవాలి, రాసుకోవడం నామోషీ. ఎవెలియో ఒక్క పాదం కాగితం మీద పెట్టిన పాపాన పోలేదు. వాటిని దాచింది అతని అక్క మిగ్దాలియా. ఇటుకంత టేపురికార్డరు భుజాన తగిలించుకుని నలభై ఏళ్ళు తమ్ముడి వెనక తిరిగింది. మధ్యలో ఆమెకు పెళ్ళి కూడా అయింది. రెండేళ్ళు చూసి ఆ పెద్దమనిషి, టేపురికార్డరు కావాలో తను కావాలో తేల్చుకోమన్నాడు. తేల్చుకుంది.

మొత్తం నలభై ఒక్క క్యాసెట్లు. బూజు పట్టి, ఆ బూజుకి ఎవెలియోకి ఉబ్బసం ఎక్కువవుతుంటే, వానాకాలమంతా కూర్చుని పక్కింటి రిగోబెర్తో వాటిని కంప్యూటరులోకి ఎక్కించాడు. రెండు వందల పన్నెండు పద్యాలు లెక్క తేలాయి. క్యాసెట్లు పెరట్లో తగలబెట్టారు. అప్పటినుంచి రోజూ మూడింటికి, కరెంటు ఉన్న రోజున, ఎవెలియో తన గొంతు తనే వింటాడు. వింటూ వేలితో ఒక్కో పాదానికి ఒక్కో దెబ్బ కుర్చీ చేతి మీద వేస్తాడు. పదో దెబ్బకి నవ్వుతాడు. ఆ నవ్వు కోసమే మిగ్దాలియా డెబ్బై ఒకటో ఏట కూడా పొద్దున్నే లేస్తోంది. ఆ ఇంట్లో ఇంకే సంతోషమూ లేదు.

మే నెలలో కంప్యూటరు లోపల టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. రిగోబెర్తోని పిలిచింది. చక్కెర మిల్లు మూతపడే దాకా అక్కడి కంప్యూటర్ల గదిలో పనిచేసినవాడు. ఈ కంప్యూటరు కూడా అక్కడి చచ్చిన మూడింటిని కలిపి అతను పుట్టించిందే. చెవి ఆనించి విన్నాడు.

"ఇదీ పాడటం మొదలెట్టింది మిగ్దా."

"అంటే?"

"డిస్కు పాడిందంటే రోజులు దగ్గరపడ్డట్టే."

"ఎన్నాళ్ళుంటుంది?"

"నాకేం తెలుసు. రేపు పోవచ్చు, మనిద్దర్నీ పూడ్చాక పోవచ్చు. బ్యాకప్ తీసుకోవాలి. నా దగ్గర మూడు సాఫ్ట్‌వేర్లున్నాయి. మూడూ వారం మూటలో వచ్చినవే, ఏదీ డబ్బెట్టి కొన్నది కాదు. నీ ఇష్టం, ఏదంటే అది పెడతాను."

వారం మూట లేకపోతే మా ఊళ్ళో కంప్యూటరు ఉన్నా లేనట్టే. ఇంటర్నెట్టు మాకు అందని చందమామ. అందుకని హవానాలో ఎవరో వారానికి సరిపడా సినిమాలూ సీరియళ్ళూ ఆటలూ సాఫ్ట్‌వేర్లూ ఒక డిస్కులో కుక్కుతారు. అది బస్సులెక్కి, చేతులు మారి, మంగళవారానికి పాల్మీరాకి దిగుతుంది. ఒస్మానీ అనేవాడు సైకిలు మీద వీధి వీధీ తిరిగి, ఎవరి డిస్కులు వాళ్ళ దగ్గర తీసుకుని, పాతవి తుడిచి, కొత్తవి నింపి సాయంత్రానికి తెచ్చిస్తాడు. నలభై దాటినవాడు, పూర్వం భూగోళం చెప్పిన పంతులు.

మిగ్దాలియా ఒక పాత క్యాలెండరు వెనక మూడు గీతలు గీసుకుని, పెళ్ళిసంబంధాలు వాకబు చేసినట్టు ఆ మూడు సాఫ్ట్‌వేర్ల గుణగణాలు రెండు రోజులు విచారించింది.

"మొదటిది?"

"అమాయకురాలు. నువ్వు ఏ ఫోల్డరుకి టిక్కు పెడితే దాన్నే తీసుకెళ్ళి పక్కన పెడుతుంది. పాటలు పాటల్లాగే ఉంటాయి, పేర్లు పేర్లలాగే ఉంటాయి. టిక్కు పెట్టడం మర్చిపోతే నీ ఖర్మ."

"రెండోది?"

"పెద్దింటి బిడ్డ. మొత్తం కంప్యూటరుని, కుర్చీ బల్లా తప్ప, ఒకే ఫైలుగా చుట్టేస్తుంది. డిస్కు పోతే కొత్త డిస్కు పెట్టి తిరిగి విప్పితే సరి, నిన్న ఎలా వదిలావో అలాగే లేచి కూర్చుంటుంది. కాకపోతే అంతా రష్యను భాష."

"నీకు వచ్చుగా రష్యను."

"ముప్పై ఏళ్ళ కిందట వచ్చు. ఇప్పుడు 'బ్రెడ్డు ఎక్కడ' అని అడగగలను."

"మూడోది?"

"అది ఇంటర్నెట్టు మీదుగా ఆకాశంలో దాస్తుందట."

"ఆకాశానికి కరెంటుందా?"

మూడోదాన్ని అక్కడితో కొట్టేసింది. మొదటిదానికి ఆ టిక్కుల బాధ, రెండోదానికి భాష. ఎంచబోతే మంచమంతా కంతలే. రిగోబెర్తో మాత్రం మొదటిదానివైపే మొగ్గాడు. "నన్నడిగితే ఇదే చాలు. తెరిస్తే కంటికి కనిపిస్తుంది, ఉందా లేదా అని."

"నిన్నడిగానా?" అంది మిగ్దాలియా. ఆమె ముప్పై ఒక్క ఏళ్ళు చక్కెర మిల్లు గేటు దగ్గర కాటా మీద పనిచేసింది. చెరకు బండి వస్తే ఎడ్లతో సహా, గొలుసుతో సహా, కాటా మీదికి ఎక్కాల్సిందే. ఈ మోపు వద్దు, ఆ మోపు తూచు అని ఎవడైనా ఏరడం మొదలెట్టాడంటే వాడు దొంగ అని ఆమె సిద్ధాంతం. టిక్కులు పెట్టే సాఫ్ట్‌వేరు ఆమెకు మోపులు ఏరే మనిషిలా కనిపించింది. రెండు వందల పన్నెండింటిలో ఒక్కటి టిక్కు తప్పితే? రిగోబెర్తో ఏ మూల ఏ ఫోల్డరులో పడేశాడో అతనికే తెలీదు.

"బండిని బండిగానే తూచాలి రిగో. రెండోదే పెట్టు."

ఎంచుకున్నందుకు ఆమెకు గర్వంగా కూడా ఉంది. ఆ గర్వాన్ని తర్వాత ఎన్నిసార్లు తలుచుకుని తనను తాను తిట్టుకుందో చెప్పలేను.

అంతా చుట్టడానికి ఆ సాఫ్ట్‌వేరుకి ఆరు గంటలు కావాలి. కరెంటు ఉండేది నాలుగు గంటలు. రెండుసార్లు సగంలో ఆగింది. జూన్‌లో ఒక ఆదివారం, ఏ దేవుడు కనికరించాడో, పొద్దుటినుంచీ కరెంటు పోలేదు. సాయంత్రానికి బయటి డిస్కులో ఒక్క ఫైలు కూర్చుంది. కొండంత ఫైలు. దాని పేరు మూడు రష్యను అక్షరాలు, పన్నెండు అంకెలు.

"దీనికి ఎవెలియో అని పేరు పెట్టు" అంది మిగ్దాలియా.

"పేరు మారిస్తే ఆ మహాతల్లి గుర్తుపట్టదేమో. ముట్టుకోకు. ఉన్నచోటునుంచి జరపకు. తెరవకు. దానివైపు చూడకు."

"మరి తిరిగి వస్తుందని నమ్మకం ఏంటి?"

"ఒకసారి విప్పి చూసుకోవాలి. నిజానికి అదే అసలు పని. కానీ దానికి ఇంకో ఖాళీ డిస్కు కావాలి. ఈ వీధిలో ఎవరింట్లో ఉందో చెప్పు."

ఎవరింట్లోనూ లేదు. దొరికినప్పుడు చూద్దామనుకున్నారు. దొరకలేదు, చూడలేదు.

అసలు ఆ బయటి డిస్కు కూడా ఆమె ఒక్కదానిది కాదు. వీధిలో నాలుగిళ్ళవాళ్ళు కలిసి తెప్పించుకున్నది. అందులో ప్రతి ఇంటికీ తలా కాస్త చోటు, మిగిలినదంతా వారం మూటకి. ఇలా పంచుకున్న డిస్కులకి మా ఊళ్ళో ఒక కట్టుబాటుంది. మనిషి పేరు రాసి ఉన్నదాన్ని మూటవాడు ముట్టుకోడు. పేరు లేనిది ఊరుమ్మడిది, చోటు కావలసినప్పుడు తుడిచేస్తాడు. పదేళ్ళుగా ఒస్మానీ ఈ మాట తప్పలేదు. మూల ఇంటి పూరా తన మనవరాలి ఫొటోలకి "పూరా" అని రాసుకుంది, అవి అలాగే ఉన్నాయి. మిగ్దాలియా పేరు మీద కూడా ఒక ఫోల్డరు, అందులో బొప్పాయి హల్వా చేసే విధానం ఒకటి, పింఛను కాగితాల ఫొటోలు రెండు. ఆ కట్టుబాటు ఆమెకు తెలియనిది కాదు. అందుకే, ఫైలు మీద పేరు రాయడానికీ, దాన్ని తన ఫోల్డరులోకి జరపడానికీ వీల్లేదన్నాక, ఎవెలియో పుండుకి వేసే ప్లాస్టరు ముక్క చింపి, పెన్నుతో అతని పేరు రాసి, డిస్కు పైపెట్టె మీద గట్టిగా అంటించింది. పేరు రాశాను కదా అనుకుంది. మంగళవారం యథాప్రకారం ఒస్మానీ చేతిలో పెట్టింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం పోయిన కరెంటు విసురుగా తిరిగొచ్చింది. వీధిలో మూడు ఫ్రిజ్జులు కాలిపోయాయి. మిగ్దాలియా ఇంట్లో కంప్యూటరు చిటపటమని, కాలిన పాల వాసన వేసి ఊరుకుంది. కరెంటు పోయినందుకు కాదు, వచ్చినందుకు చచ్చింది. పూరా నడిరోడ్డు మీద నిలబడి ఫ్రిజ్జు కోసం ఏడుస్తుంటే మిగ్దాలియా వెళ్ళి భుజం తట్టింది. ఆ రోజు వీధిలో కంగారు పడనిది ఆమె ఒక్కతే.

"రెండు రోజులు ఓపిక పట్టు తమ్ముడూ. నీ పాటలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి" అని ఎవెలియోకి చెప్పి నల్లచిక్కుళ్ళు పొయ్యి మీద పెట్టింది.

రెండు రోజులు వారమయ్యాయి. రిగోబెర్తో ఎవరెవరి కాళ్ళో పట్టుకుని ఒక ఖాళీ డిస్కు సంపాదించి, కంప్యూటరు లేపి, ప్లాస్టరు అంటించిన డిస్కు తగిలించాడు. చాలాసేపు చూశాడు.

"ఫైలు ఎక్కడ మిగ్దా?"

"అందులోనే. కొండంత ఉంటుందిగా, కనపడదా?"

తెర మీద టర్కీ సీరియలు ఒకటి, కొరియా సీరియలు రెండు, బేస్‌బాల్ ఆటలు, కోళ్ళ పెంపకం మీద ఏదో. ఆ పక్కన పూరా మనవరాలు చక్కగా నవ్వుతోంది. బొప్పాయి హల్వా ఉంది, పింఛను కాగితాలున్నాయి. పేరున్నవన్నీ ఉన్నాయి.

మంగళవారం దాకా ఆగకుండా ఒస్మానీని ఇంటికి పిలిపించారు. సైకిలు గోడకి ఆనించి లోపలికొచ్చాడు. సంగతి చెప్పారు.

"పేరున్నదాన్ని నేను ముట్టుకోను అత్తా. పదేళ్ళలో ఒక్కటి ముట్టుకున్నానేమో చెప్పండి."

"పేరు రాశాను కదరా. ఇదిగో, ఇంతింత అక్షరాలు."

ఒస్మానీ ప్లాస్టరు వైపు చూశాడు. "ఇది ఇంటి గుర్తనుకున్నాను. సంచీలో ఇరవై డిస్కులుంటాయి, అన్నీ నల్లవే. ఇది ఎవెలియో మావయ్య ఇంట్లో ఇవ్వాల్సిందని తెలియడానికి అంటించారేమో అనుకున్నా. మంచి పని చేశారు అని కూడా అనుకున్నా."

"ఎప్పుడు తీశావు?"

"జులైలో. ఏదో అంకెల ఫైలు, సగం చోటు అదే తినేసింది. తెరిస్తే తెరుచుకోలేదు. సగంలో తెగిపోయిన ఆట అనుకున్నా." చెప్పాలా వద్దా అన్నట్టు రిగోబెర్తో మొహం చూశాడు. "అప్పటికి రెండు వారాలు దాన్ని కదపకుండా సర్దాను అత్తా. చోటు చాలక టర్కీ సీరియల్లో ఒక భాగం వదిలేశాను. మీరే గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగారు కదా, ముప్పై రెండో భాగం ఏదిరా, సగం సగం ఇస్తావేంటి అని."

అడిగింది. ఆమెకు బాగా గుర్తుంది. సగం తమాషాగా, సగం నిజంగా, చీపురు చేతిలో పట్టుకుని అడిగింది. ఆ వారమే ముప్పై రెండో భాగం వచ్చింది. కాఫీ కలుపుకుని, కాళ్ళు చాపుకుని, హాయిగా చూసింది. దాని కోసం తీసిన చోటు తమ్ముడి గొంతుదని ఆమెకు తెలియదు. తెలియకపోతే మాత్రం ఏం, అడిగింది ఆమే. ఒస్మానీని తిట్టలేదు. తిట్టి ఉంటే వాడికైనా నయంగా ఉండేది.

"నేను వెళ్తాను అత్తా" అన్నాడు చివరికి. గుమ్మం దగ్గర ఆగి, "మా నాన్న కూడా మావయ్యకి పాదం ఇచ్చాడు ఒకసారి" అన్నాడు. ఎందుకన్నాడో వాడికే తెలియదు.

రిగోబెర్తో చేతులు కాలాక ఆకులు వెతికాడు. తుడిచేసినవాటిని తిరిగి లేపే సాఫ్ట్‌వేరు ఒకటి తెచ్చి, కరెంటున్నప్పుడల్లా ఐదు రోజులు ఆ డిస్కుని తవ్వాడు. కానీ తుడిచిన చోట వారం వారం పధ్నాలుగు మూటలు దిగి ఉన్నాయి. పైకి వచ్చినదల్లా సగం మొహం టర్కీ కథానాయకుడు. నాలుగో రోజు గిటారు చప్పుడు ఒకటి తగిలింది. మిగ్దాలియా చేతిలో పళ్ళెం కింద పెట్టేసి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ విన్నారు. అది సబ్బు ప్రకటన.

కాలిన డిస్కుని కూడా విప్పి చూశాడు. లోపల అద్దంలాంటి పళ్ళెం మీద గుండ్రంగా గీత పడి ఉంది, ఎవరో మేకుతో గీసినట్టు. "ఇంకేం లేదిక్కడ" అన్నాడు. "మొదటిదే పెడదామని నేను గట్టిగా అనాల్సింది మిగ్దా. నువ్వు కసిరితే ఊరుకున్నాను."

"ఇప్పుడంటావేంట్రా" అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో.

తర్వాత ఆమె మనుషుల్ని తవ్వడం మొదలుపెట్టింది. ఎవరికి ఏ పద్యం గుర్తుంటే అది రాసుకుందామని నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఇప్పుడిక నామోషీ ఎవరికి? మంగలి సెరాఫీన్ ఆమెను చూడగానే కుర్చీ వేశాడు.

"గుర్తులేకపోవడమేంటి మిగ్దాలియా. ఆ రాత్రి పాదం ఇచ్చింది నేనే. 'నీళ్ళు మోసిన కడవకే దాహం.' ఎలా ఉంది?"

"బాగుంది. పైన తొమ్మిది చెప్పు."

సెరాఫీన్ కత్తెర రెండుసార్లు గాలిలో ఆడించాడు. "మొదట్లో కడవ గురించి వస్తుంది... అబ్బ, ఏం పాడాడు. జనం లేచి నించున్నారు."

పూరాకి తెలిసిన పాదం "వాన వచ్చేసరికి కప్పు లేదు." మిల్లు కాపలాదారుకి తెలిసింది "చెరకు తీపి నరికినవాడికి తెలీదు." ప్రతివాళ్ళకీ తామిచ్చిన పాదమో, తమవాళ్ళిచ్చిన పాదమో కంఠతా వచ్చు. తమ పిల్లాడి మీద ముద్దు అలాంటిది. ఎవెలియో కట్టిన తొమ్మిదీ ఎవరికీ గుర్తులేవు. జనం లేచి నించున్న సంగతి మాత్రం అందరూ చెప్పారు. ఇరవై ఇళ్ళు తిరిగేసరికి నోటుపుస్తకంలో ముప్పై ఎనిమిది పదో పాదాలు పోగయ్యాయి.

మరి ఆమె? నలభై ఏళ్ళు పక్కనే కూర్చుంది కదా. మంచం మీద కూర్చుని ఒక్క పద్యమైనా మొదలుపెట్టాలని చూసింది. గుర్తొచ్చిందల్లా టేపు చక్రాలు తిరగడం, ఎర్ర దీపం వెలగడం, బ్యాటరీలు అయిపోతాయేమోనన్న గుబులు. తమ్ముడు పాడుతుంటే ఆమె ఎన్నడూ వినలేదు. రికార్డు చేసింది. తర్వాత వినొచ్చులే అనుకుంది. తర్వాత వినేటప్పుడేమో అతని నవ్వు కోసం అతని మొహమే చూస్తూ కూర్చుంది.

ఎవెలియోకి ఎలా చెప్పాలో తెలియక మూడు వారాలు చెప్పలేదు. కరెంటు లేదంది. కంప్యూటరు బాగుచేస్తున్నారంది. అతను పిచ్చివాడు కాడు, మాట పోయిందంతే. ఒక రోజు మూడింటికి కుర్చీ తనే కాలితో నెట్టుకుంటూ కంప్యూటరు దగ్గరికి వచ్చాడు. తెర వైపు చూశాడు, అక్క వైపు చూశాడు.

"మరి?"

"పోయాయిరా. అన్నీ పోయాయి. నా వల్లే పోయాయి" అంది మిగ్దాలియా.

అతను అరవలేదు. ఎడమ చెయ్యి ఎత్తి ఆమె జుట్టు మీద పెట్టి, అక్కడే మర్చిపోయినట్టు ఉంచేశాడు.

ఏం చెయ్యాలో తోచక ఆమె నోటుపుస్తకం తెచ్చి, జనం ఇచ్చినట్టే ఒక పాదం ఇచ్చింది. "నీళ్ళు మోసిన కడవకే దాహం."

ఎవెలియో నిటారుగా కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి వేలు కుర్చీ చేతి మీద పడింది, ఒకటి. మళ్ళీ పడింది, రెండు. పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. తొమ్మిదో దెబ్బ పడ్డాక కళ్ళు తెరిచి ఆమె కోసం ఆగాడు. ఆమె పదో పాదం చదివింది. అతను నవ్వాడు.

పాత పద్యమే లోపల పాడుకున్నాడో, కొత్తది కట్టాడో ఆమెకు తెలియదు. తెలుసుకునే దారి లేదు. అయినా ఆ రోజునుంచి మూడింటికి అదే పని. కరెంటుతో పనిలేదు. ముప్పై ఎనిమిది పాదాలు, రోజుకొకటి.

ఒక చుట్టు పూర్తయి జనవరిలో మళ్ళీ కడవ పాదం దగ్గరికి వచ్చారు. ఆమె ఇచ్చింది. అతను కళ్ళు మూసుకున్నాడు. ఆమె దెబ్బలు లెక్కపెడుతూ కూర్చుంది. ఏడో దెబ్బ పడింది. వేలు పైకి లేచి గాలిలో అలాగే ఉండిపోయింది. ఎనిమిదోది కోసం ఆమె ఎదురుచూసింది. వేలు కిందికి దిగలేదు.

ఎవెలియో కళ్ళు తెరిచి అక్క మొహంలోకి చూశాడు. టేపు చక్రాలు తిప్పిన మనిషి, ఆవిడకి తెలిసే ఉంటుందన్నట్టు చూశాడు.

"మరి?" అన్నాడు.

ఆమె నోటుపుస్తకం తిరగేసింది. అందులో అన్నీ పదో పాదాలే.